తెలుగు టైపింగ్‌కి ఏది మేలు: ఇన్‌స్క్రిప్టా, ఇంగ్లీషు అక్షరాలా, గొంతా?

తెలుగులో రోజూ రాస్తానని తెలిసినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు దేంతో టైపు చేస్తారు?" చాలా ఏళ్లు నా జవాబు "ఇంగ్లీషు అక్షరాలతో" అనే. అంటే amma అని కొడితే అమ్మ వచ్చే పద్ధతి. పోయిన ఏడాది ఇన్‌స్క్రిప్ట్‌కి మారాను, అంటే ఒక్కో కీ మీద ఒక్కో తెలుగు అక్షరమో గుర్తో నేరుగా ఉండే, భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డుకి. రెండూ బాగా వాడి చూశాను కాబట్టి ఇప్పుడు కాస్త గట్టిగానే చెప్పగలను.

విండోసా, లినక్సా, ఆండ్రాయిడా అన్నది ఈ రోజుల్లో పెద్ద ప్రశ్న కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌తో వచ్చినప్పుడు, తెలుగు సరిగ్గా కనబడాలంటే సెట్టింగుల్లోకి వెళ్లి సంక్లిష్ట లిపుల సపోర్టు విడిగా వేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ ముందునుంచీ ఉంది, 2019లో ఫోనెటిక్ కీబోర్డు (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేది) కూడా చేరింది. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాముకి ఎం17ఎన్ అనే భాషల ప్యాకేజీ తోడైతే అరడజను దాకా పద్ధతులు దొరుకుతాయి. తేల్చుకోవాల్సింది ఏ పద్ధతిలో రాయాలన్నదే.

అందరూ ముందు వేగం చూస్తారు. నేను దిద్దుబాటు చూస్తాను. రాయడంలో సగం పని, రాసినదాన్ని మార్చడమే కదా.

ఒక ఉదాహరణ. "పిల్లవాడు" అని రాశాక వాక్యం మారి "పిల్లవాడి" కావాల్సి వచ్చిందనుకోండి. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే ప్రమాణమైన యూనికోడ్‌లో "డు" ఒక్క అక్షరం కాదు, డ ఒకటి, కొమ్ము ఒకటి. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే కొమ్ము పోయి డ మిగులుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎఫ్ కీ నొక్కితే గుడి వచ్చి చేరుతుంది, పని అయిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల పద్ధతిలో ఐ కొడితే చాలా ప్రోగ్రాముల్లో "పిల్లవాడఇ" అవుతుంది. ముందున్న డ తన జతేనని ఆ ఐకి తెలియదు. డ కూడా చెరిపి మళ్లీ కొట్టాలి, లేదా మాట మొత్తం తిరగరాయాలి. ఒక పేజీలో ఇలాంటివి ముప్పై వస్తే మొదట మిగిలిన సమయమంతా ఇక్కడే పోతుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఒక కీకి ఒక సంకేతం. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద ఉంటాయి. పొల్లు డి కీ మీద ఉంటుంది. "క్ష" అంటే క, పొల్లు, ష. తెర మీద ఒకే ఆకారంగా కనబడినా లోపల మూడూ విడివిడిగానే ఉన్నాయని వేళ్లకి అర్థమైపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. తెలుగు, కన్నడ, హిందీ మూడింటిలోనూ క ఒకే కీ మీద ఉంటుంది కాబట్టి ఒకటి నేర్చుకుంటే మిగతావి సగం వచ్చినట్టే.

నేర్చుకునే బాధ నిజమే. నాకు మొదటి పది రోజులు వాక్యం పూర్తయ్యేలోపు ఆలోచన జారిపోయేది. మూడు వారాలకి చెయ్యి కుదిరింది. నెలకో ఉత్తరం రాసేవాళ్లకి ఇంత శ్రమ అక్కర్లేదు.

ఇంగ్లీషు అక్షరాల పద్ధతుల్లో రెండు రకాలున్నాయి, వాటిని ఒకే గాటన కట్టకూడదు. ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ లాంటి పద్ధతులు, ఏ ఇంగ్లీషు అక్షరానికి ఏ తెలుగు అక్షరమో ముందే ఖాయం చేసిన నియమం ప్రకారం నడుస్తాయి. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. మీరు కొట్టిందే వస్తుంది. రెండో రకం ఊహించి మాటలు చూపిస్తుంది. "కె ఏ ఎల్ ఏ" కొడితే కల, కళ, కాల అని వరస వస్తుంది, అందులోంచి మనం ఏరుకోవాలి. రోజూ వాడే మాటలకి ఇది హాయిగానే ఉంటుంది. యాస మాటలు, పాత మాటలు, పేర్లు వచ్చేసరికి మాత్రం తనకి తెలిసినదాని వైపు లాగుతుంది. స్పెల్లింగు ఎవరు నిర్ణయించాలి, నేనా అదా? ఈ విషయంలో నేను సర్దుకోలేను.

గొంతుతో రాయడం 2017లో గూగుల్ తెలుగుని చేర్చినప్పటినుంచీ బాగా మెరుగైంది. మొదటి ప్రతికి దీన్ని మించిన వేగం లేదు. కానీ మనం కలిపి పలికే "వచ్చాడనుకున్నాను" ఒక్కోసారి రెండు ముక్కలుగా పడుతుంది, కామాలూ ఫుల్‌స్టాపులూ చాలావరకు మనమే పెట్టుకోవాలి, చివరికి దిద్దడానికి మళ్లీ కీబోర్డే కావాలి. వేళ్ల నొప్పులున్నవాళ్లకీ చూపు తగ్గినవాళ్లకీ మాత్రం ఈ లెక్కలు వర్తించవు. వాళ్లు మొహమాటపడకుండా మాట్లాడి రాయాలి.

తెర మీద వేలితో రాయడం ఒకటీ అరా మాటలకి పనికొస్తుంది. ద, ధ దగ్గరా వత్తుల దగ్గరా తడబడుతుంది. డీటీపీ (కంప్యూటర్లో అచ్చు పేజీలు కూర్చే పని) అలవాటుతో ఆపిల్, మాడ్యులర్ అనే పాత కీబోర్డు లేఅవుట్లు వచ్చినవాళ్లు వాటితోనే కొనసాగవచ్చు. కొత్తవాళ్లకి అవి అవసరం లేదు.

ఫోన్‌లో చిన్న మెసేజ్‌లకి నేను ఇప్పటికీ ఇంగ్లీషు అక్షరాలే వాడతాను. అక్కడ దిద్దేది తక్కువ. కంప్యూటర్ ముందు కూర్చుని రెండు పేజీలకు మించి రాసేవాళ్లు అడిగితే మాత్రం, మూడు వారాలు ఓర్చుకుని ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమనే చెబుతున్నాను.