నవజాత శిశువులకు స్కిడ్ స్క్రీనింగ్: పరీక్షకు మంచి మార్కులు, నివేదికకు తక్కువే

తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపంతో, అంటే వైద్యులు స్కిడ్ అని పిలిచే వ్యాధితో పుట్టిన బిడ్డ తొలి వారాల్లో చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొంతకాలం కాపాడతాయి కనుక, మానని విరేచనాలు, నోట్లో తెల్లపూత, న్యుమోనియా వంటివి వచ్చి వైద్యులకు అనుమానం కలిగేసరికి చికిత్సకు అనువైన సమయం చాలావరకు గడిచిపోతుంది. మడమ నుంచి తీసిన కొన్ని రక్తపు చుక్కలతో ఈ లోపాన్ని ముందే పసిగట్టే స్క్రీనింగ్‌ను మా పాపకు ఒక ప్రైవేటు ల్యాబులో చేయించాము.

పరీక్ష వెనుక ఉన్న ఆలోచన ఎంతో తెలివైనది. స్కిడ్‌లో లోపించేవి టీ-కణాలు, అంటే ఇన్‌ఫెక్షన్లతో పోరాడే ఒక రకం తెల్లరక్త కణాలు. ఛాతీలోని థైమస్ గ్రంథిలో ఇవి తయారయ్యేటప్పుడు వాటి డీఎన్ఏ నుంచి తెగిపడే చిన్న వలయాలను ట్రెక్ అంటారు. కణం విభజన చెందినా ఇవి పెరగవు కనుక, వీటి సంఖ్యను బట్టి కొత్త టీ-కణాలు ఏ మేరకు పుడుతున్నాయో తెలుస్తుంది. లోపం ఏ జన్యువులో ఉందో ముందుగా తెలియనక్కరలేదు. 2008లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మొదలైన ఈ స్క్రీనింగ్ 2018 చివరికి ఆ దేశంలోని అన్ని రాష్ట్రాలకూ చేరింది. అక్కడి 11 కార్యక్రమాలలో పరీక్షించిన సుమారు 30 లక్షల మంది శిశువులలో దాదాపు 58,000 మందికి ఒకరిలో స్కిడ్ కనిపించింది.

ఇంత అరుదైన దానికి ఖర్చు ఎందుకని అడిగేవారికి 2014లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనమే సమాధానం: మూడున్నర నెలలలోపు మూలకణ మార్పిడి (కొత్త రోగనిరోధక కణాలను ఇచ్చే చికిత్స) జరిగిన శిశువులలో 94 శాతం మంది అయిదేళ్ల తర్వాత జీవించి ఉండగా, ఆ వయసు దాటి, ఇన్‌ఫెక్షన్ ఉండగానే మార్పిడి జరిగినవారిలో ఆ సంఖ్య 50 శాతమే.

నా అసంతృప్తి నివేదిక మీదే. అందులో "సాధారణం" అన్న ఒక్క మాట తప్ప మరేమీ లేదు. నిజానికి టీ-కణాలు తయారవుతూనే సరిగా పనిచేయని జ్యాప్-70 అనే ప్రొటీన్ లోపాన్ని, ఆలస్యంగా బయటపడే కొన్ని రకాల ఏడీఏ అనే ఎంజైమ్ లోపాన్ని ఈ పరీక్ష పట్టలేకపోవచ్చు. నెలలు నిండకుండా పుట్టినవారిలో ట్రెక్ సంఖ్య వ్యాధి లేకపోయినా తగ్గి, మళ్లీ నమూనా ఇవ్వవలసి రావచ్చు. ఈ సంగతి చెప్పకపోతే తల్లిదండ్రులు అనవసరంగా బెంబేలెత్తుతారు.

ఇంతకంటే ముఖ్యమైనది టీకాల క్రమం. స్కిడ్ ఉన్న బిడ్డకు బీసీజీ, రోటావైరస్ వంటి జీవ టీకాలు (బలహీనపరచిన సజీవ సూక్ష్మజీవులతో చేసేవి) ప్రమాదకరం. అయితే పుట్టిన వెంటనే బీసీజీ వేసేచోట ఫలితం టీకా తర్వాతే వస్తుంది. ఇంగ్లండ్‌లో స్క్రీనింగ్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు, 2021 సెప్టెంబరు నుంచి బీసీజీని 28 రోజుల తర్వాతకు జరిపారు. ప్రైవేటుగా ఈ సేవ అమ్మే ల్యాబుకు టీకాల పట్టికను మార్చే అధికారం లేదు, నిజమే. కానీ నమూనా తీసుకునేటప్పుడే పిల్లల వైద్యుణ్ణి సంప్రదించమని చెప్పడానికీ, ఫలితం అనుమానాస్పదంగా ఉంటే జీవ టీకాలు ఆపాలనీ, రక్తం ఎక్కించవలసి వస్తే, దాత కణాలు బిడ్డకు హాని చేయకుండా రేడియేషన్ చేసినదే వాడాలనీ నివేదిక మీదే ముద్రించడానికీ అడ్డేమీ లేదు.