వార్తను దిద్దొచ్చు, నోటిఫికేషన్‌ను దిద్దలేం

మా న్యూస్ సైట్‌కి వార్తలు పంపే యాప్‌ను చాలాకాలంగా వాడుతున్నాను. ఫొటోలు ఎక్కించడం, వీడియో కత్తిరించడం లాంటివి ఏ యాప్‌లోనైనా ఉండేవే, వాటి జోలికి పోను. నా గొడవంతా నోటిఫికేషన్‌తోనే.

ఒకసారి పైపు పగిలి రెండు వీధులకు మర్నాడు నీళ్లు రావని వార్త ఇచ్చాను. హెడ్డింగ్ నోటిఫికేషన్‌లో పట్టదని యాప్ తనంతట తానే కుదించింది. ఆ కుదింపులో 'రెండు వీధులకు' ఎగిరిపోయి, 'రేపు నీటి సరఫరా బంద్' అని అందరి ఫోన్లలో మోగింది. తెరిచి చదివితే వార్తంతా సరిగ్గానే ఉంది. తెరిచేదెవరు? 'మాకూ రావా?' అంటూ నాకు ఫోన్ మీద ఫోన్. ఒకాయనైతే ట్యాంకర్ కూడా మాట్లాడేసుకున్నారు.

డెస్క్ వాళ్లు హెడ్డింగ్ వెంటనే మార్చారు. సైట్‌లో మారింది కానీ ఫోన్లలో మారలేదు. నిజానికి పాతదానికిచ్చిన గుర్తింపు (ఐడీ)తోనే ఇంకోటి పంపి పాత నోటిఫికేషన్‌ను మార్చే పద్ధతి ఉంది. మా యాప్‌లో పెట్టలేదు, అంతే. వాట్సాప్‌లో ఇంకా కష్టం: లింక్ పంపినప్పుడు కింద కనిపించే హెడ్డింగ్ ఆ మెసేజ్‌తోనే వెళ్లిపోతుంది, తర్వాత మనం ఎంత దిద్దినా గ్రూపుల్లో పాతదే తిరుగుతుంది. పేపర్లో అయితే సవరణ కనీసం అదే పాఠకుడి ఇంటికి వెళ్లేది.

యాప్ తనంతట తానే చేసే ఇలాంటి పొరపాటు పెద్ద సంస్థలకూ తప్పలేదు. 2017లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక వారి క్వేక్‌బాట్ (భూకంప వార్తలు తనంతట తానే రాసే ప్రోగ్రామ్), 1925 నాటి శాంటా బార్బరా భూకంపాన్ని అప్పుడే వచ్చినట్టు ప్రచురించింది. భూకంపాల సంస్థ నుంచి పొరపాటున వచ్చిన సమాచారంలో తేదీ 2025 అని ఉన్నా అది ఆగలేదు.

ఈ యాప్ వచ్చిన కొత్తలో నేనే అందరికీ తెగ చెప్పాను, జరిగిన చోటు నుంచే వార్త వెళ్లిపోతుంది, డెడ్‌లైన్ టెన్షన్ లేదని. సభలు, ఆటల వార్తల వరకు ఇప్పటికీ అదే మాట. నీళ్లు, కరెంటు, బస్సుల వార్తలు వేరు. అవి చూసి జనం అప్పటికప్పుడు ఏదో ఒకటి చేసేస్తారు.

అలాంటివాటికి ఇప్పుడు నోటిఫికేషన్ ఆపేసి పంపుతున్నాను. వ్యూస్ పడిపోతాయి, డెస్క్ సణుగుతుంది. నాకిచ్చేది వ్యూస్ లెక్కన కాదు కాబట్టి నడిచిపోతోంది. వ్యూస్‌ను బట్టే డబ్బులొచ్చే మిత్రులకు ఇదే చేయమని చెప్పలేను. మీ దగ్గర నోటిఫికేషన్‌ను కూడా చదివి వదిలే సబ్‌ఎడిటర్ ఉంటే, బహుశా మీకు ఈ బాధే ఉండదు.