జిరోనాలో అద్దె సైకిల్, గర్రోచా అగ్నిపర్వతాల రూట్: నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఈ అద్దె షాపుకి 5కి 4 ఇస్తున్నా, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాస్తా. రూట్‌కి మాత్రం 5కి 5, అందులో రెండో మాట లేదు.

జిరోనా అంటే స్పెయిన్‌లో బార్సిలోనాకి ఉత్తరాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు, ఫాస్ట్ ట్రైన్ ఎక్కితే 40 నిమిషాల్లో దిగిపోతాం. 1990ల చివర్నించి అమెరికా ప్రొఫెషనల్ రైడర్లు ఇక్కడ ఇళ్లు తీసుకుని ఉండటం మొదలెట్టారు, సైకిల్ రేసర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా కొన్నేళ్లు ఇక్కడే ఉన్నాడు, ఆ తర్వాత ఊరు ఊరంతా సైకిళ్ల ఊరైపోయింది. పాత ఊరి సందుల్లో తిరుగుతుంటే అద్దె షాపులు చాలానే కనపడతాయి. నేను తీసుకున్నది నది దగ్గర ఉన్న ఓ మధ్యరకం షాపు. రోజుకి 60 యూరోల చుట్టూ పడింది, వారానికైతే తగ్గిస్తారు. తక్కువేం కాదు, కానీ ఇండియా నించో జర్మనీ నించో సొంత సైకిల్ విప్పి, పెట్టెలో సర్ది, విమానంలో వేసుకుని అది ఏ స్థితిలో దిగుతుందో అని టెన్షన్ పడే కంటే ఇదే నయం అని నా గట్టి అభిప్రాయం.

షాపులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, బుక్ చేసుకున్న రోజే మెయిల్ పెట్టి ఎత్తెంత, పెడల్ నించి సీటు దాకా కొలత ఎంత, ఏ రకం పెడల్ వాడతారు అని అన్నీ అడిగారు. మేం వెళ్లేసరికి సైకిల్ రెడీగా ఉంది, అయినా మెకానిక్ నన్ను స్టాండ్ మీద ఎక్కించి కాసేపు తొక్కించి, మోకాలు ఎంత వంగుతోందో చూసి సీటు ఇంకొంచెం పైకి లేపాడు. కార్బన్ ఫ్రేమ్, డిస్క్ బ్రేకులు, షిమానో 105 ఎలక్ట్రానిక్ గేర్లు, 28 ఎంఎం టైర్లు. స్పేర్ ట్యూబు, చిన్న పంపు, టూల్ కిట్, రూట్ ఎక్కించిన, దారి చూపే సైకిల్ కంప్యూటర్ అన్నీ ఇందులోనే, వేరే చార్జీ లేదు.

ఇక గేర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఇక్కడికి వచ్చేవాళ్లకి అన్నిటికంటే ఇదే ముఖ్యం. మన దగ్గర చాలామంది ప్రాక్టీసు హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీదే కదా, అక్కడ 30 స్పీడు మెయింటైన్ చేసేవాళ్లు కూడా ఈ మెరకల్లో వెనక పెద్ద పళ్ల చక్రం లేకపోతే మోకాళ్లు పట్టుకుంటారు. ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద చక్రానికి కూడా 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక టైరు కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది, అంటే ఎంత నిటారు మెరక అయినా కూర్చునే నెమ్మదిగా ఎక్కొచ్చు. వాళ్లు మామూలుగా ఇచ్చే సైకిల్‌కి వెనక 30 ఉంది. మా బామ్మర్ది బార్సిలోనాలో ఉంటాడు, ఈ రోడ్లు వాడికి కొట్టిన పిండి, "బావా, సిగ్గుపడకుండా 34 అడుగు" అన్నాడు, అడిగాను, రూపాయి తీసుకోకుండా మార్చిచ్చారు. మీరూ అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

రూట్ ఏంటంటే జిరోనా నించి బన్యోలెస్, మియేరెస్, సాంటా పావ్ మీదుగా ఒలోట్, అక్కణ్నించి కాస్తెల్‌ఫొల్లిత్, బెసలూ, మళ్లీ బన్యోలెస్ మీదుగా జిరోనా, మొత్తం కలిపి 110 కిలోమీటర్ల దాకా వస్తుంది. మొదటి ముక్క బన్యోలెస్ దాకా పెద్దగా ఏం లేదు, మామూలు రోడ్డు. అక్కడో సరస్సు ఉంది, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో రోయింగ్ పోటీలు జరిగింది అందులోనే. ఆ సరస్సు పక్కనించే రోకాకోర్బా అనే కొండకి దారి ఉంది, ప్రొఫెషనల్ రైడర్లు తమ సత్తా చూసుకునేది దాని మీదే, 10 కిలోమీటర్లకి పైనే ఎక్కుడు. గర్రోచా వెళ్లే రోజు దాని జోలికి పోవద్దు, దానికి ఇంకో రోజు పెట్టుకోండి.

బన్యోలెస్ దాటి జీఐ-524 రోడ్డు ఎక్కాక అసలు కథ మొదలవుతుంది. బండ్లు బాగా తగ్గిపోతాయి, రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది, ఇటు ఓక్ చెట్లు అటు పొలాలు, మధ్యమధ్యలో రాతి ఇళ్లు. చుట్టూ గుండ్రంగా పచ్చగా కనిపించే కొండల్లో చాలావి అగ్నిపర్వతాలని మనకి ఎవరైనా చెప్తే తప్ప తెలీదు, వాటి మీద అంత అడవి పెరిగిపోయింది. ఈ గర్రోచా ప్రాంతంలో ఇలాంటివి సుమారు 40 ఉన్నాయి, 1982 నించి చట్టప్రకారం రక్షణ ఉంది. ఆఖరిసారి పేలి పది వేల ఏళ్లు దాటింది కాబట్టి భయమేం లేదు.

సాంటా పావ్ దాటాక సాంటా మార్గరీదా దగ్గర తప్పకుండా ఆగండి. సైకిల్‌కి తాళం వేసి పైకి నడిచి వెళ్లాలి (తాళం షాపులో అడిగి తీసుకోండి), పైకెక్కి లోపలికి దిగితే అగ్నిపర్వతం నోట్లో పచ్చిక మైదానం, దాని నట్టనడుమ చిన్న చర్చి. 1428 భూకంపంలో పాత చర్చి కూలిపోతే 1865లో మళ్లీ కట్టారట. చుట్టూ కొండ అంచు, బయటి చప్పుడు లేదు, నాకైతే అక్కణ్నించి లేవబుద్ధి కాలేదు. దగ్గర్లోనే క్రోస్కాట్ ఉంది, దాన్ని ఒకప్పుడు క్వారీ కింద తవ్వేశారు, జనం పోరాడి ఆపించారు, ఇప్పుడు ఆ కోసిన చోట కొండ కడుపులో ఎరుపు, నలుపు పొరలు పొరలుగా బూడిద రాళ్లు కనపడతాయి. వికారాబాద్ వైపు నల్లరేగడి చూసి పెరిగినవాళ్లం మనం, ఆ నేల కూడా ఎప్పుడో కోట్ల ఏళ్ల కింద పారిన లావా నించి వచ్చిందే కాబట్టి ఇది చూస్తుంటే మన నేల పుట్టుక చూస్తున్నట్టే ఉంది నాకు.

ఆ తర్వాత రోడ్డు ఫజేదా అనే అడవిలోకి దూరుతుంది, అంతా బీచ్ అనే రకం చెట్లు (సముద్రం బీచ్ కాదు). క్రోస్కాట్ నించి పారిన లావా మీదే ఈ అడవంతా పెరిగింది, నేల ఎగుడుదిగుడుగా లావా గుట్టలతో ఉంటుంది, పడ్డ వాన పడ్డట్టు రాళ్ల పగుళ్లలోకి ఇంకిపోతుంది కాబట్టి లోపల ఒక్క వాగు కూడా ఉండదు. ఎండలో వచ్చిన మనకి ఒక్కసారిగా ఏసీ గదిలోకి వచ్చినట్టు చల్లగా తగులుతుంది. ఈ అడవి మధ్యలోనే లా ఫజేదా అని ఓ సహకార సంఘం పెరుగు ఫ్యాక్టరీ ఉంది, ఆ సంఘాన్ని 1982లో పెట్టారు, మానసిక సమస్యలున్నవాళ్లకి పని కల్పించడానికే పెట్టిన సంస్థ అది, ఇవాళ కాటలూన్యాలో (బార్సిలోనా, జిరోనా ఉన్న ప్రాంతం) ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్లినా వాళ్ల పెరుగు కనపడుతుంది. పెరుగు లేకపోతే భోజనం అయినట్టే ఉండని మనలాంటివాళ్లు అక్కడ ఓ కప్పు తినకుండా రావద్దు, చిక్కగా, కమ్మగా ఉంది, పైగా అది ఎవరి చేతుల మీదుగా వస్తోందో తెలిశాక ఇంకా ఇష్టంగా తిన్నాను.

భోజనానికి సాంటా పావ్‌లో చిన్న తెల్ల చిక్కుడు గింజలు ఫేమస్, ఈ లావా నేలలో పండేవి, నోట్లో వేస్తే కరిగిపోతాయి. మామూలుగా పంది మాంసం సాసేజ్‌తో వడ్డిస్తారు, శాకాహారులు ముందే చెప్పుకుంటే ఉత్త గింజలు ఆలివ్ నూనెతో ఇస్తారు, పక్కన టమాటా రుద్దిన బ్రెడ్డు. అంతే, ఇంక మిగిలిన దారంతా తొక్కడానికి అది చాలు.

ఒలోట్ నించి వెనక్కి వచ్చేటప్పుడు కొత్త ఆటోవియా (పెద్ద హైవే) వైపు వెళ్లొద్దు, పాత రోడ్డు పట్టుకోండి. కాస్తెల్‌ఫొల్లిత్ ఊరు 50 మీటర్ల నల్లరాతి గోడ అంచున వరసగా ఇళ్లు పేర్చినట్టు ఉంటుంది, రెండు లావా ప్రవాహాలు ఒకదాని మీద ఒకటి గడ్డకట్టి ఆ గోడ ఏర్పడిందంట, కింద రోడ్డు మీంచి చూస్తేనే దాని అందం. బెసలూలో పాత రాతి వంతెన చూసి, అక్కడ్నించి ఇంటికి హాయిగా వచ్చేయొచ్చు.

రోడ్ల గురించి ఒక్క మాట. స్పెయిన్‌లో సైకిల్‌ని దాటేటప్పుడు కారు మీటరున్నర దూరం వదలాలని చట్టం, మేం వెళ్లినంతసేపూ దాదాపు అందరూ వదిలారు, మెలికల్లో అయితే ఓపిగ్గా వెనకే వచ్చారు. ఇది మన దగ్గర కూడా రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నా. ఊరి బయట హెల్మెట్ తప్పనిసరి, షాపువాళ్లే ఇస్తారు.

ఇక ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, మధ్యాహ్నం షాపు మూసేస్తారని బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. ఆఖరి రోజు రెండింటికి సైకిల్ తిరిగి ఇద్దామని వెళ్తే తాళం, నాలుగున్నర దాకా ఆ చెమట బట్టల్తో బయట కూర్చున్నాం, మా ట్రైన్ పోయింది. అడిగితే సారీ చెప్పారు గానీ టికెట్ డబ్బులు ఎవరిస్తారు. ఇంకోటి, సీటు మరీ గట్టిది, మీ సొంత సీటు, పెడల్స్ బ్యాగులో వేసుకుని వెళ్తే బిగించి ఇస్తారు, అలా చేయడమే మంచిది. కార్డు మీద డిపాజిట్ కూడా బ్లాక్ చేస్తారు, లిమిట్ చూసుకుని వెళ్లండి.

వెళ్లడానికి ఏప్రిల్, మే లేదా సెప్టెంబర్, అక్టోబర్ బెస్టు, అక్టోబర్ ఆఖర్లో ఫజేదా అంతా పసుపు, ఎరుపు ఆకులతో ఉంటుందని మా బామ్మర్ది చెప్పాడు. పల్చటి రెయిన్ జాకెట్ మాత్రం ఏ నెలలో అయినా జేబులో ఉండాల్సిందే, ఒలోట్‌లో వాన పడకపోతే ఇంకెక్కడా పడదని అక్కడివాళ్లకి ఓ సామెతే ఉంది.