గోరంత తాళం: 2 జీబీ ఎస్‌డీ కార్డుతో నా గొడవ

దీని స్పీడెంత, రేటెంత అని నన్నడక్కండి. 2009లో కెమెరాలో ఫోటోలు దాచుకోడానికి కొన్న మెమరీ కార్డు, ఇప్పుడా లెక్కలతో పనేముంది. నా కోపమంతా దాని ఎడమ అంచున కిందికీ పైకీ జరుగుతూ, ఉన్న ఫోటోలు చెరిగిపోకుండా కార్డును లాక్ చేసే ఆ గోరంత తాళం మీదే.

కార్డు మాత్రం మంచిదే. నుమాయిష్ దుమ్ములో వాడాను, నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద వానలోనూ వాడాను, ఒక్క ఫోటో పోలేదు.

కరోనాకు ముందు ఏడాది మల్కాజ్‌గిరిలో మా అక్క కొడుకు అన్నప్రాసన. పెన్ను, పుస్తకం, డబ్బులు, గాజులు పరిచి పిల్లాణ్ణి వదిలారు. వాడు పాక్కుంటూ బయలుదేరాడు, నేను బటన్ నొక్కాను, తెర మీద 'కార్డ్ లాక్డ్'. తీసి చూస్తే తాళం ముక్కే లేదు, ఎక్కడో ఊడిపోయింది. బ్యాగులో ఇంకో 16 జీబీ కార్డు ఉందిగానీ లాభం లేదు, నా కెమెరా 2005 నాటిది, 2 జీబీ దాటిన ఎస్‌డీహెచ్‌సీ అనే కొత్త రకం కార్డులు వచ్చిందే 2006లో. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, స్లాట్‌లో చక్కగా దూరతాయి కూడా, కెమెరా మాత్రం గుర్తుపట్టదు. ఈలోపు పిల్లాడు ఏదో పట్టేసుకున్నాడు. పెన్నని అక్క, డబ్బులని బావ, సాక్ష్యంగా ఫోటో లేదు కాబట్టి ఆ వాదన ఇప్పటికీ నడుస్తోంది.

మర్నాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సీటీసీకి వెళ్తే ఒక షాపాయన కార్డు రీడర్‌లో పెట్టి, ఫార్మాట్ కొట్టి, అవ్వట్లేదని చూసి 'కార్డు పోయింది సార్, కొత్తది తీసుకోండి' అన్నాడు. ఇంటికొచ్చి చెబితే నాన్న, 'పోవడమేంట్రా, పాటలు చెరగకుండా ట్యాబ్ విరిచేసిన క్యాసెట్‌కి ప్లాస్టర్ అంటించి మళ్లీ రికార్డ్ చేసేవాళ్లం కదా, దీనికీ అంటించి చూడు' అన్నాడు. చూస్తే అచ్చం అదే లెక్క! ఆ తాళానికి లోపలి చిప్‌తో ఏ సంబంధమూ లేదు. పైకి జరిపితే పక్కనున్న గాడిని మూస్తుంది, స్లాట్‌లోని చిన్న స్విచ్‌కి ఆ తాళం తగిలితే కెమెరా కార్డు మీద రాయనిస్తుంది, తగలకపోతే లాకే. ముక్క ఊడితే గాడి ఖాళీ, అంతే సంగతి. సెల్లోటేప్ సన్నగా కత్తిరించి గాడి మీదుగా చుట్టాను, వెనకున్న రాగిరంగు పట్టీలకు తగలకుండా. కార్డు లేచి కూర్చుంది. (కొన్ని ల్యాప్‌టాప్‌లు ఈ తాళాన్ని అసలు పట్టించుకోవు, మా ఆఫీసుది అలాంటిదే. అందుకే కార్డు పోయిందనే ముందు ఇంకో రీడర్‌లో పెట్టి చూడాలి.)

రెండేళ్లు హాయిగా నడిచింది. తర్వాత ఒక మే నెలలో కెమెరాను మధ్యాహ్నమంతా స్కూటర్ డిక్కీలో వదిలేశాను, తప్పు నాదే. టేపు జిగురు కారి, అంచు మడతపడి, కార్డు స్లాట్‌లోనే ఇరుక్కుంది. కనుబొమ్మల ప్లక్కర్‌తో లాగడానికి గంట పట్టింది, ఆ జిగురు వదిలించడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్‌బడ్‌లు ఇంకో సాయంత్రం తిన్నాయి.

ఇప్పుడు మా ఆవిడ పాత ఫోన్‌లోని 2 జీబీ మైక్రో ఎస్‌డీని ఎస్‌డీ కార్డు సైజులో ఉండే అడాప్టర్‌లో పెట్టి వాడుతున్నాను. మైక్రోకు తాళమే ఉండదు, ఉన్నది అడాప్టర్‌కి, అది విరిగితే ఇంకోటి తెచ్చుకోవచ్చు.

అన్నట్టు పైన ఒక్క ఫోటో పోలేదన్నాను, అది పూర్తిగా నిజం కాదు. ఒకసారి కెమెరా లైటు ఇంకా మిణుకుమంటుండగానే కార్డు లాగేశాను, నాలుగైదు ఫోటోలు సగం దాకా బూడిదరంగులో వచ్చాయి. దాన్ని కార్డు ఖాతాలో వెయ్యలేను.

కొనమంటారా అంటే, నాలాగా 2006కు ముందు కెమెరాను వదల్లేనివాళ్లకైతే పాత 2 జీబీ ఎక్కడ దొరికినా తీసుకోమంటాను, తాళం గట్టిగా ఉందో లేదో గోటితో జరిపి చూసుకుని. ఫోన్‌తో ఫోటోలు తీసుకునేవాళ్లకు ఈ గొడవే లేదు. నా పాత కార్డు టేపు గీరేసిన మరకలతో ఇంకా సొరుగులోనే ఉంది, మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెడితే ఇప్పటికీ రాస్తుంది.