రెడీమేడ్ మానేసి కొలతలిచ్చి కుట్టించుకోవడం: ఐదారేళ్ల తర్వాత ఒక త్రీ ఎక్సెల్ మనిషి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, సన్నగా కనబడ్డం ఎలా అనే రివ్యూ కాదిది. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, ఛాతీ కొలత 46, నడుం కొలత సీజన్ని బట్టి మారుద్ది, సంక్రాంతికి ఒకటి, మే నెలలో ఒకటి. ఈ ఒంటితోనే రోజూ ఆఫీసుకెళ్తా, మెట్రోలో రాడ్ పట్టుకుని నిలబడతా, పెళ్లిళ్లకెళ్లి బంతిలో కూర్చుని తింటా, కాబట్టి ఈ ఒంటికి ఏది బాగుందో ఏది డబ్బు దండగో అదే రాస్తున్నా. నేను చేసింది రెండే పన్లు. రెడీమేడ్ కుర్తీలు దాదాపు మానేసి బట్ట కొని కుట్టించుకోవడం, కాలేజీ అయ్యాక వదిలేసిన చీరలు మళ్లీ కట్టడం.

రెడీమేడ్ ఎందుకు మానేశానంటే, కంపెనీలు సైజు పెంచేటప్పుడు అన్నీ కలిపి పెంచేస్తాయండీ, ఛాతీ పెరిగితే భుజం కూడా పెరిగి తీరాలన్నట్టు. సన్నగా ఉండే మా చెల్లెలి భుజానికీ నా భుజానికీ తేడా అరంగుళం, అంతే. అందుకని త్రీ ఎక్సెల్ వేస్తే మెడ జారుద్ది, భుజం కుట్టు జబ్బ మీదకొచ్చి వేలాడుద్ది, విచిత్రం ఏంటంటే అదే చెయ్యి జబ్బ దగ్గర మాత్రం బిగుసుకుపోయి ఎర్రగా గీత పడుద్ది. టూ ఎక్సెల్‌కి దిగితే భుజం సరిపోద్ది గానీ పొట్ట దగ్గర సైడ్ కట్లు విచ్చుకుపోతాయి. ఇంక బ్రాండు మారితే సైజు మారడం సరేసరి, ఒకడి ఎక్సెల్ ఇంకొకడి త్రీ ఎక్సెల్. మన ఒళ్లు కొలిచి మనకోసం తయారుచేసిన చార్టు లేకపోవడమే దీనికి కారణం, బయటి దేశాల చార్టులే అటూ ఇటూ సర్ది వాడుకున్నారు ఇన్నాళ్లూ. ఆ లోటు తీర్చడానికే నిఫ్ట్ (ఫ్యాషన్ కోర్సులు చెప్పే ప్రభుత్వ సంస్థ) వాళ్లు ఇండియాసైజ్ అని ఒక సర్వే పెట్టుకున్నారు, ఆరు ఊళ్లలో, అందులో మన హైదరాబాదూ ఉంది, పాతికవేల మందికి పైగా త్రీడీ స్కానర్లతో కొలవాలని. మంచి పనే. కానీ అది షాపులో హ్యాంగర్ దాకా వచ్చేలోపు నేను కట్టుకోడానికి ఏదో ఒకటి కావాలి కదా.

కుట్టించుకోవడంలో అసలు కష్టం టైలర్‌ని వెతుక్కోవడం. చున్నీ తియ్యకుండా పైపైన టేపు పెట్టి కొలిచేవాళ్లు ఉన్నారు, కొలిచాక "కొంచెం లూజుగా పెడతాలెండి మేడం" అనేవాళ్లు ఉన్నారు, ఈ రెండో రకంతో ఇంకా ఎక్కువ జాగ్రత్త. లావుగా ఉన్నవాళ్లు లూజుగా వేసుకుంటే దాగుతుందని వాళ్ల నమ్మకం. ఏం దాగదు, ఛాతీ మీంచి బట్ట నేరుగా కిందకి దిగి మనిషి మొత్తం ఆ వెడల్పే ఉన్నట్టు కనబడుద్ది. నాకు ఇప్పుడు కుట్టే టైలరక్క దగ్గర ఛాతీకి రెండంగుళాలు, తుంటికి మూడంగుళాలు మాత్రమే వదులు, అదీ తుంటి కొలత కుర్చీలో కూర్చోబెట్టి తీస్తుంది. కూర్చుంటే కొలత పెరుగుద్ది, మనం రోజులో సగం కూర్చునే ఉంటాం, ఈ చిన్న లెక్క చాలామంది టైలర్లకి తట్టదు ఎందుకో.

అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చింది మాత్రం డాట్, అంటే ఒంటి వంపుకి తగ్గట్టు బట్టని కోసుగా మడిచి వేసే కుట్టు. బ్లౌజుకి డాట్లు పెడతారు గానీ కుర్తాకి ఎవరూ పెట్టరు, అడిగితే "డ్రెస్సుకి డాట్ ఏంటి మేడం" అని నవ్వుతారు. ఛాతీ పెద్దగా ఉన్నవాళ్లు ఒకసారి మీ కుర్తా వేసుకుని అద్దం ముందు పక్కకి తిరిగి చూడండి, ముందు అంచు పైకి లేచి ఉంటుంది, వెనక అంచు కిందకి ఉంటుంది, చంక దగ్గర్నుంచి ఛాతీ దాకా ఏటవాలుగా ఒక ముడత ఉంటుంది. ఆ ముడత బట్ట చాలట్లేదని చెప్తోంది, మన ఒళ్లు ఎక్కువైందని కాదు. ముందు భాగం ఒక అంగుళం పొడవు ఎక్కువ కత్తిరించి ఆ అంగుళాన్ని చంక కింద పక్క కుట్టు నుంచి ఛాతీ వైపుకి డాట్‌లో మడిచేస్తే ముడత పోద్ది, అంచు చుట్టూ సమానంగా వస్తది, పొట్ట మీద బట్ట గుడారంలా లేవకుండా పడుద్ది. డాట్ మొన ఛాతీ మధ్యదాకా రాకూడదు, అంగుళంన్నర ముందే ఆగిపోవాలి, లేపోతే అక్కడ మొన తేలి అదింకో గొడవ. సైడ్ కట్లు కూడా తుంటి బాగా వెడల్పుగా ఉన్నచోటు దాటి రెండు వేళ్లు కిందనించి మొదలవ్వాలి, చేతులు బిగుతుగా ఉంటే చంక కింద డైమండ్ ఆకారంలో చిన్న ముక్క వేయించుకోండి, రాడ్ పట్టుకున్నప్పుడు కుర్తా మొత్తం పైకి లేవదు.

బట్ట విషయానికొస్తే నా ఓటు మంగళగిరికి. ఆ నేత దగ్గరగా గట్టిగా ఉంటుంది, ఒంటికి అతుక్కోదు, నిలబడాల్సిన చోట నిలబడుద్ది, సన్న నిజాం బోర్డర్ ఉన్న ప్లెయిన్ బట్ట మీటర్ల లెక్కన దొరుకుద్ది కాబట్టి మనకి మూడు మీటర్లు కావాలంటే మూడు మీటర్లు కోయించుకోవచ్చు, ప్యాకెట్లో ఉన్న రెండున్నరతో సర్దుకోవాల్సిన పన్లేదు. పోచంపల్లి ఇకత్ కూడా బాగుంటుంది గానీ కుట్టించే ముందు ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి, కుంచించుకునేదేదో ముందే కుంచించుకుంటుంది. పెడన కలంకారీ అద్దకం బట్టలు మెత్తగా హాయిగా ఉంటాయి, ఇంట్లోకీ ఆదివారం బజారుకీ. రేయాన్ మాత్రం నాకొద్దు బాబోయ్. షాపులో హ్యాంగర్‌కి వేలాడేటప్పుడు ఎంత బాగుంటుందో, చెమట పట్టాక పొట్ట మడతల్లోకి అంత బాగా దూరుద్ది.

బ్లౌజుల సంగతి. లోపల వేసుకునేది సరైన సైజు కాకపోతే పైన ఎంత గొప్ప టైలర్ కుట్టినా దండగే, ఇది మొహమాటం లేకుండా చెప్తున్నా. కొలతలకి వెళ్లేటప్పుడు ఆ బ్లౌజు కింద ఏది వేసుకుంటారో అదే వేసుకుని వెళ్లండి, సాగిపోయిన పాతది కాదు. నాకు కటోరి (ఛాతీ దగ్గర గిన్నెలా విడి ముక్క కలిపి కుట్టేది) కంటే ప్రిన్సెస్ కట్ నప్పింది, భుజం నుంచి కిందదాకా ఒకటే కుట్టు కాబట్టి బోలెడు ఒళ్లు ఉన్నా నీటుగా కూర్చుంటుంది. చీరతో వచ్చే బ్లౌజు పీసు సాధారణంగా 80 సెంటీమీటర్లు, మన కొలతకి మోచేతి దాకా చేతులు కావాలంటే అది చాలదు, టైలర్ ఏం చేస్తాడు, చేతులు పొట్టి చేసేస్తాడు, జబ్బలో అన్నిటికంటే లావైన చోట అంచు వచ్చి ఆగుద్ది. నేను ఆ పీసు పక్కన పడేసి మ్యాచింగ్ సెంటర్లో మీటరు బట్ట తీసుకుంటున్నా. లోపల రెండు పక్కలా అంగుళంన్నర బట్ట వదిలి మూడేసి కుట్లు వెయ్యమనండి, ఒళ్లు వస్తే ఒక కుట్టు విప్పుకుంటాం, తగ్గితే ఒకటి వేసుకుంటాం. మా ఏరియాలో లైనింగ్ బ్లౌజుకి 800 తీసుకుంటున్నారు, ఎక్కువే, కానీ ఒళ్లు మారినా పారెయ్యక్కర్లేని బ్లౌజుకి ఆ 800 నాకు బాధనిపించదు.

చీరల్లో రోజువారీకి మళ్లీ మంగళగిరే, కొంచెం సందడికి గద్వాల, చీర ఒళ్లంతా నూలూ అంచు పట్టూ ఉన్నది. పెద్ద అంచు పొట్టివాళ్లకి నప్పదంటారు, నేను పొట్టే, కడుతున్నా, బాగానే ఉంది. ఉప్పాడ జాందానీ బరువే ఉండదు, ఎండాకాలం పెళ్లిళ్లకి దాన్ని మించింది లేదు, ధర దగ్గరే గుండె ఆగుద్ది. వెంకటగిరికి గంజి దట్టంగా పెట్టించి కడితే మాత్రం కుచ్చిళ్లు ముందుకి బుర్రుమని లేచి నాలాంటివాళ్లకి ఇంకో నాలుగంగుళాలు కలుపుద్ది, గంజి పలచగా పెట్టండి లేదా నాలుగు ఉతుకులు అయ్యేదాకా ఓపిక పట్టండి. పైట సన్నగా మడతలు పెట్టి పిన్ను కొట్టుకుంటే చూడ్డానికి నీటే గానీ పక్కనుంచి పొట్ట తెలుస్తుందని గింజుకునేవాళ్లకి ఒంటి పైటే హాయి. నాకు రోజుని బట్టి.

లంగా గురించి సీరియస్‌గా ఒక మాట. బొందు బిగించి ఒకేచోట కట్టి కట్టి నడుం చుట్టూ నల్లగా గీత పడటం మన అమ్మలందరికీ ఉంది, దాన్ని మామూలే అనుకుంటాం. నడుం దగ్గర అలా బిగించి కట్టిన లంగా బొందో చీరో ఏళ్ల తరబడి ఒరుసుకుని పుండు పడి, మానక, అది చర్మ కాన్సర్ దాకా వెళ్లిన ఇద్దరు పెద్దావిడల కేసులు 2024లో మన దేశం డాక్టర్లే మెడికల్ జర్నల్లో రాశారు. అరుదైన సంగతే, భయపడాలని చెప్పట్లేదు, కానీ చీర జారుతుందని ఇంకా ఇంకా బిగించేది ఎక్కువగా మనలాంటివాళ్లమే. నేను బొందు తీయించేసి నడుం దగ్గర రెండంగుళాల వెడల్పు బెల్టు, పక్కన హుక్కులు పెట్టించుకున్నా. జారలేదు ఇంతవరకూ. గీత కూడా కొంచెం పలచబడింది. లోపల తొడలు ఒరుసుకోకుండా మోకాళ్ల దాకా కాటన్ షార్ట్ వేసుకుంటా, దీని గురించి ఎవరూ ఎందుకు చెప్పరో తెలీదు, పెళ్లి ఊరేగింపులో రెండు కిలోమీటర్లు నడిచినా మంట ఉండదు.

శారీ షేప్‌వేర్ కూడా వాడా, లంగా బదులు వేసుకునే బిగుతు గొట్టం లాంటిది, ఒక పేరున్న కంపెనీది. ఫొటోల్లో బాగుంటుంది, కాదనను. డిసెంబరు రిసెప్షన్ మూడు గంటలు అయితే ఓకే. మే నెలలో, ఏసీ పనిచెయ్యని ఫంక్షన్ హాల్లో, ఆ నైలాన్ గొట్టంలో ఇరుక్కుని మెట్లెక్కుతుంటే మోకాలు పూర్తిగా మడవదు, కింద కూర్చుని వ్రతం చెయ్యడం కుదరదు, బాత్రూం సంగతి అసలు అడక్కండి. పైగా పొట్టని నొక్కితే అది ఎక్కడికో పోదు కదా, బ్లౌజుకీ దానికీ మధ్య పైకి తేలుద్ది. ఐదుకి రెండు మార్కులు, ఆ రెండు కూడా డిసెంబరుకే.

ఇంక అందరూ చెప్పే రూల్స్. నల్లరంగు వేసుకో సన్నగా కనబడతావు అంటారు, మన ఇళ్లల్లో శుభకార్యానికి నలుపు కట్టుకుని బయల్దేరితే అమ్మ గుమ్మం దాటనిస్తుందా? కాబట్టి ఆ సలహా మనకి పుట్టుకతోనే చెల్లదు. నేను వంకాయ రంగు, నెమలికంఠం, మెంతి రంగు వేస్తున్నా, మొహం వెలిగే రంగు ఉంటే చూసేవాళ్ల చూపు ముందు మొహం మీదే పడుద్ది. అడ్డగీతలు వద్దంటారు, అదీ అంత నిజం కాదట. 1860ల్లోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త అడ్డగీతలతో నింపిన చతురస్రమే పొడుగ్గా సన్నగా కనబడుద్దని చెప్పాడు, 2011లో ఇంగ్లండులో యార్క్ యూనివర్సిటీ వాళ్లు మనుషుల బొమ్మల మీద చూసి అడ్డగీతల వల్ల లావుగా కనబడరనే తేల్చారు. మా అత్తయ్యకి ఇది చెప్తే "ఆ జర్మనీ ఆయనకేం తెలుసు" అంది, నా నారాయణపేట గళ్ల చీర వంక చూస్తూ.

కాన్ఫిడెన్స్ అని పెద్ద మాట వాడతారు గానీ నా మట్టుకు నాకు అది చేతుల్లో తెలిసింది. ఇదివరకు లేచిన ప్రతిసారీ కుర్తా వెనక్కి లాక్కోవడం, ఫొటో అంటే హ్యాండ్‌బ్యాగ్ పొట్టకి అడ్డం పెట్టుకోవడం, మీటింగులో బోర్డు మీద పైన రాయాలంటే చెయ్యి ఎత్తకపోవడం, ఇవన్నీ సిగ్గు అనుకునేదాన్ని. సగం బట్టలు సరిగ్గా కుదరకపోవడమే. లాక్కోవాల్సింది లేకపోయేసరికి చేతులు ఊరికే ఉండటం మొదలుపెట్టాయి, మాట్లాడేటప్పుడు మాట మీదే ధ్యాస ఉంటోంది. మిగతా సగం ఎక్కడికీ పోలేదు, అది కూడా చెప్పాలి. షాపులో కుర్రాడు నన్ను పైనుంచి కిందదాకా చూసి "మీ సైజుకి ఇవే ఉన్నాయి మేడం" అని రెండు బూడిదరంగువి తీసినప్పుడు ఇప్పటికీ కడుపులో ఏదో అవుద్ది, కాకపోతే ఇప్పుడు అవి తీసుకుని బయటికి రాను.

మొన్న మా కజిన్ నిశ్చితార్థంలో పిన్ని ఎదురొచ్చి అందరి ముందూ "ఏంటే, ఇంకా కాస్త ఒళ్లు చేసినట్టున్నావు" అంది. "అవును పిన్నీ, బ్లౌజు ఎలా కుదిరిందో చూడు" అని వెనక్కి తిరిగి చూపించా. ఆవిడ భుజం దగ్గర కుట్టు వేలితో తడిమి, లోపల మార్జిన్ చూసి, చేతి అంచు కొలిచి, "ఎవరే కుట్టింది, నాకెప్పుడూ చంక దగ్గర పట్టేస్తది" అంది. ఇప్పుడు ఆవిడ కూడా మా టైలరక్క కస్టమరే. ఒళ్లు గురించి అనడం మాత్రం మానలేదు.

ఎవరికి పనికిరాదంటే, రేపటికి డ్రెస్ కావాలనేవాళ్లకి. మొదటి రెండు మూడు జతలు సరిచేయించుకోడానికి తిరగాల్సిందే, ట్రయల్ వేసుకున్నప్పుడు కూర్చుని, చెయ్యెత్తి, కిందకి వంగి చూసుకోండి, నిలబడి అద్దంలో చూసుకుని తెచ్చేసుకోకండి. బాగా కుదిరిన ఒక కుర్తా, ఒక బ్లౌజు ఆది కింద ఆవిడ దగ్గరే పెట్టేయండి. ఖర్చు మొదటి ఏడాది ఎక్కువే అనిపిస్తది. ఇంకోటి, శ్రావణమాసం మొదలైతే మంచి టైలర్ ఎవరూ ఫోనెత్తరు, పట్టు బ్లౌజులన్నీ ఆషాఢంలో పెళ్లిళ్లు లేక వాళ్లు కాస్త ఖాళీగా ఉన్నప్పుడే ఇచ్చేయండి, చీరల డిస్కౌంట్లు కూడా అప్పుడే కాబట్టి రెండు పన్లూ ఒకేసారి అయిపోతాయి.