ఇన్నోడీబీ లాకులు: ఎనిమిదేళ్లు వాడాక

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని, డేటా దాచే దాని డిఫాల్ట్ ఇంజిన్ ఇన్నోడీబీతో ఎనిమిదేళ్లుగా ప్రొడక్షన్‌లో నడుపుతున్నాను. రో లెవెల్ లాకింగ్ (టేబుల్ మొత్తాన్ని కాకుండా, మార్చే రోలనే ఇతరులు మార్చకుండా ఆపడం) ఉంది కదా అన్న ధీమాతో మొదలుపెట్టాను. అసలు లాకు పడేది ఇండెక్స్ (రోలను త్వరగా వెతికే సూచిక) రికార్డు మీద అని తెలిసింది మాత్రం దెబ్బ తిన్నాకే.

ఒక రాత్రి పెండింగ్ ఆర్డర్ల స్టేటస్ మార్చే అప్‌డేట్ నడిపాం. మారాల్సినవి 12 రోలే. కానీ వేర్ షరతులో రాసిన కాలమ్‌కి ఇండెక్స్ లేదు. ఇంజిన్ ప్రైమరీ కీ వెంట టేబుల్ మొత్తం చదువుతూ, చదివిన ప్రతి రికార్డుకీ లాకు వేసుకుంటూ పోయింది. మిగతా అప్‌డేట్లు డిఫాల్ట్‌గా ఉండే 50 సెకన్లు ఎదురుచూసి, 1205 ఎర్రర్‌తో (లాకు కోసం ఆగే గడువు దాటింది) వరసగా పడిపోయాయి. మామూలు సెలెక్ట్‌లు లాకు అడగవు కాబట్టి చదివే పేజీలు బాగానే తెరుచుకున్నాయి. అందుకే సమస్య ఎక్కడుందో చాలాసేపు తట్టలేదు, ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. ఇండెక్స్ పెట్టాక అదే అప్‌డేట్ ఎవరికీ అడ్డు రాలేదు.

ఇండెక్స్ ఉంటే చాలదు, క్వెరీ దాన్ని వాడుకోవాలి కూడా. వార్‌క్యార్ (అక్షరాలు దాచే) కాలమ్‌ని కోట్స్ లేకుండా అంకెతో పోల్చారా, ఇండెక్స్ పక్కకు పోతుంది, మళ్లీ పాత కథే. పెద్ద అప్‌డేట్ ఏదైనా సరే, క్వెరీ ఏ ఇండెక్స్ వాడుతుందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ ముందు చూడకుండా నేను నడపను.

నన్ను ఎక్కువగా ఏడిపించింది గ్యాప్ లాకు, అంటే ఇండెక్స్ రికార్డుల మధ్య ఖాళీ మీద పడే లాకు. డిఫాల్ట్ ఐసోలేషన్ లెవెల్ (ఒకేసారి నడిచే పనులను ఒకదాన్నుంచి ఒకటి వేరుగా ఉంచే స్థాయి) అయిన రిపీటబుల్ రీడ్‌లో, లేని కీ కోసం సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ (లాకు వేస్తూ చదవడం) చేస్తే ఆ కీ ఉండాల్సిన ఖాళీ లాకవుతుంది. గ్యాప్ లాకులు ఒకదాన్నొకటి ఆపవు కాబట్టి, రెండు ట్రాన్సాక్షన్లకూ (ఒకే పనిగా నడిచే స్టేట్‌మెంట్ల గుంపులకు) అదే ఖాళీ మీద లాకు దొరుకుతుంది. తర్వాత రెండూ అక్కడే ఇన్సర్ట్ చేయబోతే దేనికది రెండోదాని కోసం ఆగుతుంది. ఫలితం 1213 ఎర్రర్, అంటే డెడ్‌లాక్. "లేకపోతే చేర్చు" అని రాసుకున్న మా కోడ్ అంతా ఇలాగే ఉండేది. ముందు ఇన్సర్ట్ చేసి, డూప్లికేట్ వస్తే అప్పుడు చూసుకునేలా మార్చాం. కొన్ని సర్వీసులను రీడ్ కమిటెడ్ అనే ఇంకో లెవెల్‌కి తెచ్చాం. అక్కడ మామూలు వెతుకులాటకి గ్యాప్ లాకులుండవు, వేర్‌కి సరిపడని రోల లాకులూ వెంటనే వదిలేస్తుంది.

మైఎస్‌క్యూఎల్ 8.0లో వచ్చిన డేటా లాక్స్ టేబుల్ నాకు బాగా నచ్చింది. ఏ ఇండెక్స్‌లో ఏ రికార్డు ఎలా లాకైందో వరసగా చూపిస్తుంది.

కొత్తగా వాడేవాళ్లకి ఒక మాట. 1205 వచ్చినప్పుడు డిఫాల్ట్‌గా ఆ ఒక్క స్టేట్‌మెంటే రోల్‌బ్యాక్ అవుతుంది (చేసిన మార్పు వెనక్కి పోతుంది). ట్రాన్సాక్షన్ తెరిచే ఉంటుంది, అంతకుముందు తీసుకున్న లాకులతో సహా. రోల్‌బ్యాక్ మీరే చేయాలి.