ఇంట్లో పెద్ద పిల్లి ఉండగా కూనను కొనేవారికి: ఆ దుకాణం వైపు వెళ్లకండి

12,000 రూపాయలు పోయాయి. వాటి కోసం కాదు ఈ కోపం. 11 ఏళ్లుగా నా కాళ్ల దగ్గర పడుకునే మల్లి నాలుగు రోజులుగా బీరువా కిందనే ఉంది. చేయి చాపితే బుసకొడుతోంది, నన్ను చూసి!

హైదరాబాదులో పర్షియన్ పిల్లుల కోసం తిరిగినవారికి ఆ దుకాణం తెలిసే ఉంటుంది, పేరు రాయను. శనివారం కూనను తెచ్చాను. మూడు నెలలన్నాడు, టీకాలు అయ్యాయని కార్డు ఇచ్చాడు. ఇంట్లో ఒంటరిగా పెరిగిన పెద్ద పిల్లి ఉంది, ఎలా అలవాటు చేయాలి అని ఒకటికి మూడుసార్లు అడిగాను. "రెండింటినీ ఒకే గదిలో వేసి తలుపు మూసేయండి మేడమ్. ఒక్క రాత్రి అరుచుకుంటాయి, తెల్లవారేసరికి కలిసి పడుకుంటాయి" అన్నాడు.

మల్లి బెదురు నాకు తెలుసు. అయినా అతని మాట విని నా చేతులతోనే ఆ తలుపు మూశాను. అరుపులకు భయపడి తీసేసరికి మల్లి చెవి చీలి నెత్తురు కారుతోంది. కూన కిటికీ తెరకు వేలాడుతూ వణికిపోతోంది. దాన్ని మాత్రం ఏమనగలం?

కూన తుమ్ముతుంటే సోమవారం రెండింటినీ పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. కూన బరువు 620 గ్రాములు. వెనక పాలపళ్లు ఇంకా పూర్తిగా రాలేదు, ఆరు వారాలకు మించి ఉండదన్నారు. కార్డులో ముద్ర ఒక్కటే ఉంది. టీకా సీసా మీద నుంచి తీసి అంటించే బ్యాచ్ నంబరు చీటీ లేదు. మల్లి అప్పటికి రెండు రోజులుగా ఏమీ తినలేదు. పిల్లులు ఇలా రోజుల తరబడి తిండి మానేస్తే కాలేయం దెబ్బతింటుందట.

నిన్న ఆ కాగితాలన్నీ పట్టుకుని, కూనను బుట్టలో పెట్టుకుని దుకాణానికి వెళ్లాను. అతను ఫోనులోంచి తల ఎత్తలేదు. అంతా విని, "తప్పు మీ ముసలి పిల్లిది. 11 ఏళ్లంటే ఇంకెన్నాళ్లు ఉంటుంది మేడమ్? అది పోయాక మీకు మిగిలేది ఇదే" అన్నాడు. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. నాకు నోట మాట రాలేదు. శనివారం ఇదే మనిషి మల్లి ఫోటో చూసి "ఎంత ముద్దుగా ఉంది" అన్నాడు! కూనను వదిలి వెళ్తే వెళ్లమన్నాడు, డబ్బు మాత్రం రాదట. దాన్ని ఆ చేతుల్లో వదలలేక మళ్లీ ఇంటికే తెచ్చాను.

కొనేవారు ఒకటి గుర్తుంచుకోండి: ఎనిమిది వారాలు నిండని కూనను దుకాణంలో అమ్మకూడదని 2018 నాటి కేంద్ర నిబంధనల్లో ఉంది. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి నమోదు పత్రం చూపించమనండి, బిల్లు అడగండి. నేను రెండూ అడగలేదు.

కొత్త కూనను కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. ఒకదాని పక్కగుడ్డ రెండోదాని దగ్గర వేసి వాసన అలవాటు చేయాలి. మూసిన తలుపుకు చెరోవైపు అన్నం పెట్టాలి. ఎదురెదురుగా చూపించడం ఆ తర్వాతే, అదీ కొద్దిసేపు. రెండు పిల్లులకు మూడు ఇసుక ట్రేలు ఉండాలి. ఇవన్నీ డాక్టరు గారు పది నిమిషాల్లో చెప్పారు. శనివారం అతను చెప్పాల్సినవి.

కూన ఇప్పుడు వంటగది పక్క గదిలో ఉంది. ఈ పొద్దున మల్లి బీరువా కిందనే, నా వేలి మీద రాసిన చేపల పులుసు కొంచెం నాకింది.